గొట్టాల పీపా మీద నేను వేసిన లెక్క

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు కంప్యూటరు తెచ్చుకుని నా పడకకుర్చీ పక్కనే చాప మీద కూర్చుంది. తెర మీద ఒక పొడుగాటి పీపా బొమ్మ, దాని కడుపులో బారులు తీరిన సన్నటి గొట్టాలు, గొట్టాల్లోంచి చన్నీళ్ళు, వాటి చుట్టూ వేడి నూనె. నీళ్ళ వేడి ఒక అంకె మారిస్తే చాలు, నూనె ఎంత చల్లబడి బయటికి వస్తుందో ఆ యంత్రం రెప్పపాటులో చెప్పేస్తోంది. నేను కళ్ళజోడు సవరించుకుని ముచ్చటగా చూస్తూండగా, అది తల ఎత్తకుండానే, గొట్టాల్లో పట్టే మడ్డి కింద ఎంత వేసుకోవాలి తాతగారూ, మా స్నేహితురాళ్ళందరూ సున్నా వేసేస్తున్నారు అంది. నాకేమైందో తెలియదు, సున్నా ఏమిటే సున్నా అని ఇల్లు దద్దరిల్లేలా అరిచాను. పాపం ఆ పిల్ల బిత్తరపోయి కంప్యూటరు మూసేసింది. ఆ అరుపు దాని మీద కాదనీ, ఎన్నడో కాలి బూడిదైపోయిన మా బావగారి మీదననీ దానికి ఎలా చెప్పను? మీకు చెబుతాను. నా ఈడువాళ్ళు కనక, ఒక మనిషి మీద కోపం ఇన్నేళ్ళు ఎలా నిలుస్తుందని మీరు అడగరు.

నాకు అమ్మ జ్ఞాపకం లేదు. నన్ను పెంచింది మా అక్క. నాకంటే పదమూడేళ్ళు పెద్దది. పెళ్ళయి తాడేపల్లిగూడెం కాపురానికి వెళుతూ నన్ను కూడా చంకనెత్తుకుని వెళ్ళినంత పని చేసింది. ఆ ఇంట్లోనే తిని, ఆ ఇంటి నుంచే రోజూ పాసింజరులో ఏలూరు వచ్చి కాలేజీ చదువు చదివాను. భీమడోలులో ఎక్కే కూరగాయల గంపల మధ్య నిలబడి లెక్కల పుస్తకం చదివిన రోజులు అవి. ఆ తరవాత వాల్తేరులో రెండేళ్ళు కెమికల్ టెక్నాలజీ. అది ముగించుకుని వచ్చేసరికి యాభైల నడిమి సంవత్సరాలు. గూడెంలో కాలవ గట్టున వేరుశెనగ నూనె శుద్ధి చేసే మిల్లు ఒకటి ఉండేది. దానికి మా బావగారే మేనేజరు. నన్ను కెమిస్టుగా పెట్టించిందీ ఆయనే. ఆ మాట నాకు ఆయన అన్నం కలుపుకునేటప్పుడు, చొక్కా తొడుక్కునేటప్పుడు, నలుగురిలో నవ్వేటప్పుడు గుర్తు చేస్తూనే ఉండేవారు.

మనిషి దృఢంగా ఉండేవారు. తెల్లటి పంచె, పైన ఖాకీ కోటు. చదివింది స్కూలు ఫైనలే అయినా బాయిలరు చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పగలిగేవారు, అది మాత్రం ఒప్పుకోవాలి. అందుకే కాబోలు, పుస్తకం చదివి ఎవరైనా ఏమైనా చెబితే ఆయనకి ఒళ్ళు మండేది. నేను లెక్కలు కట్టుకునే జారుడు బద్దని, అదే స్లైడ్ రూలుని, ఆయన నా చిడతలు అనేవారు. నేను అది పట్టుకుని ఫ్యాక్టరీ షెడ్డులోకి వస్తే చాలు, అదిగో భజన మొదలైందర్రా అనేవారు. కూలీలు నవ్వేవారు. మేనేజరుగారు నవ్వాక నవ్వకపోతే వాళ్ళకి గడవదు కదా.

నూనె సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. వాసన పోవడానికి నూనెని గాలి తీసేసిన డ్రమ్ములో బాగా కాచుతారు. అప్పట్లో మా కొలతలన్నీ ఫారన్‌హీటులోనే. ఆ లెక్కన మూడువందల ఇరవై డిగ్రీల వేడితో నూనె బయటికి వస్తుంది. అంత వేడి మీద గాలి తగిలితే నూనె పాడైపోతుంది, రంగు తిరుగుతుంది, పది రోజుల్లో కంపు కొడుతుంది. అందుకని గాలి తగలకముందే దాన్ని నూట ముప్ఫైకి దించాలి. ఆ దించే యంత్రమే ఈ గొట్టాల పీపా. మా కాగితాల మీద దాని పేరు షెల్ అండ్ ట్యూబ్ హీట్ ఎక్స్ఛేంజరు అని ఉండేది గానీ, షెడ్డులో అందరికీ అది గొట్టాల పీపాయే.

మిల్లులో పాత కూలరు చాలడం లేదని బావగారు బొంబాయి వెళ్ళి, ఎక్కడో మూతపడ్డ ఫ్యాక్టరీది పాత పీపా ఒకటి కొనుక్కొచ్చారు. లారీ దిగిన రోజున దానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. నేను మూత విప్పించి లోపల చూశాను. గొట్టాల్లో అయిదోవంతుకి ఇత్తడి బిరడాలు కొట్టేసి ఉన్నాయి. అంటే అవి కారుతున్నాయని ఎవరో ఎప్పుడో మూసేశారన్నమాట. మిగిలినవాటి లోపల గోరు పెట్టి గీస్తే తుప్పు పొరలుపొరలుగా ఊడి వచ్చింది.

అప్పుడు కూర్చున్నాను లెక్కకి. ఆ పీపా ఎలా పనిచేస్తుందో, బిగించకముందే కాగితం మీద నడిపించి చూడాలని నా పట్టుదల. ఇప్పుడు కంప్యూటరు చేసేది అదే. నాకున్నది లాగరిథం టేబుల్సు, బావగారు చిడతలన్న ఆ స్లైడ్ రూలు, మిల్లు గుమాస్తా ఇచ్చిన తెల్లకాగితం ఠావులు. నూనె ఇంత వేడితో బయటికి వస్తుందని ముందు ఒక అంకె ఊహించాలి, ఆ ఊహ మీద లెక్కంతా నడపాలి, చివరికి వచ్చిన అంకె ఊహించినదానితో కలవకపోతే మళ్ళీ ఇంకో అంకె ఊహించి మొదటికి రావాలి. నీళ్ళు నెలనెలకీ మారతాయి కనక, ఒక్కో నెల లెక్కకి నాలుగైదుసార్లు ఇలా తిరిగేవాణ్ణి. జనవరిలో కాలవ నీళ్ళు చల్లగా, తేటగా ఉంటాయి. అప్పుడు నూనె నూట ఇరవై ఎనిమిదికి దిగుతుంది, బ్రహ్మాండం. వేసవిలో గోదావరి కాలవలకి నీళ్ళు కట్టేస్తారు. అప్పుడు మిల్లుకి దిక్కు వెనకాల ఉన్న మడుగు. ఆ నీళ్ళు వేడి, పైగా బురద. ఒక్క వేడి వల్ల పెద్దగా మునిగిపోయేదేమీ లేదు, బురదే అసలు శత్రువు. అది గొట్టాల లోపల పట్టి గట్టిపడితే వేడి ఇటునుంచి అటు పోదు. మే నెలకి నా లెక్కలో నూనె నూట ఎనభై దగ్గర ఆగిపోయింది. పన్నెండు నెలలకీ పన్నెండు ఠావులు రాశాను. వేసవిలో ఈ పీపా పనికిరాదు, గొట్టాలు మార్చాలి లేదా రెండో పీపా జోడించాలి అని చివరి ఠావు మీద రాసి సంతకం చేసి, ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. పూర్తిగా చదివారని నాకు తరవాత తెలిసింది. ఆ రోజున మాత్రం కాగితాలు విసనకర్రలా ఊపుకుంటూ షెడ్డులోకి వచ్చి, అందరి ముందూ నిలబడ్డారు.

"ఏమోయ్, బొంబాయిలో ఇరవై ఏళ్ళు నడిచిన పీపా గూడెం వచ్చేసరికి నడవనంటోందా? నీతో చెప్పిందా?"

"నడవదని కాదండి బావగారూ, వేసవిలో మడ్డి పట్టాక..."

"మడ్డి గొట్టాల్లో లేదు. ఎక్కడుందో అందరికీ కనిపిస్తూనే ఉంది."

అందరూ నవ్వారు. నవ్వని మనిషి ఒక్కడే, మా ఫిట్టరు. మండవల్లి అవతల కొల్లేరు లంకల మనిషి. నలభై దాటి ఉంటాయి. చిన్నతనంలో దోనె మీద వలలేసి, ఆ తరవాత రైస్ మిల్లుల్లో స్పానరు పట్టడం నేర్చుకున్నాడు. గొట్టం మీద చెయ్యి వేసి ఇది వేడండి, ఇది చల్లనండి అని చెబితే నా థర్మామీటరు ఒకటి రెండు డిగ్రీల తేడాతో అదే చెప్పేది. పీపాలో గొట్టాలు చూసి, ఇవి చచ్చిపోయినవండి బాబుగారూ అన్నవాడు కూడా అతనే. నేను అతన్ని బాబాయి అనేవాణ్ణి. మేనేజరుగారి బావమరిది అలా పిలవడం బావగారికి ఎంత కంటగింపుగా ఉండేదో.

పీపా బిగించారు. శీతాకాలమంతా బాగా నడిచింది. ఆ నాలుగు నెలలూ రాత్రి భోజనాల దగ్గర నేను తిన్న ఎత్తిపొడుపులు ఇప్పుడు రాస్తే ఠావులు చాలవు. మా అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ కళ్ళతోనే నన్ను ఊరుకోమనేది. నేను ఊరుకునేవాణ్ణి. ఊరుకున్నకొద్దీ లోపల ఏదో గడ్డకట్టేది.

కాలవ కట్టేశారు. మడుగు నీళ్ళు పెట్టారు. మొదటి వారం నూట నలభై అయిదు, రెండో వారం నూట అరవై, నెల తిరిగేసరికి నూట డెబ్భై దాటింది. నూనె రంగు తిరగడం మొదలైంది. ఏలూరులో ఉండే షావుకారుగారికి, అంటే మిల్లు యజమానికి, బజారు నుంచి డబ్బాలు వెనక్కి వస్తున్నాయని కబురు వెళ్ళింది. ఆయన దగ్గర నుంచి మనిషి వచ్చి అడిగి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే బావగారు షెడ్డులోకి వచ్చి, గొట్టాల్లో ఊచ పెట్టి మడ్డి పొడిచేయమని ఫిట్టరుకి చెప్పారు. అది చెయ్యాల్సిన పనే. కానీ పీపా ఆపి, నూనె ఖాళీ చేసి, చల్లారాక చెయ్యాల్సిన పని. ఆయన నీళ్ళు ఆపించారు గానీ నూనె ఆపలేదు. పూట పోతుందని.

నేను అడ్డం వెళ్ళాను. లోపల గొట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి, చుట్టూ మరుగుతున్న నూనె ఉంది, ఊచ తగిలి ఒక్క గొట్టం చిల్లు పడినా మూత దగ్గరున్న మనిషి మీదికే వస్తుందన్నాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. ఫిట్టరుతో అన్నారు: "నీకు జీతం ఇచ్చేది నేనా, అతనా?"

ఫిట్టరు నన్ను చూశాడు. "ఆయ్, చేసేత్తానండి" అన్నాడు.

మూడో గొట్టమో నాలుగోదో. చప్పుడేమీ రాలేదు. ఊచ వెంట నూనె తళుకు, అంతే. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. నేను విన్న అరుపుల్లో అటువంటిది మళ్ళీ వినలేదు. అతన్ని జట్కాలో వేసుకుని ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణి. దారి పొడుగునా అతను నూనె ఆపారాండి, ఆపారాండి అని అడుగుతూనే ఉన్నాడు. నేను వెనక్కి వచ్చేసరికి బావగారు కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు.

రెండు రోజులకి షావుకారుగారు వచ్చారు. పొట్టిగా, చెవులకి పోగులతో, ఇంగ్లీషు ముక్క రాని పెద్దమనిషి. ఆఫీసు గదిలో నన్ను పిలిపించి నా ముందు ఒక ఠావు పెట్టారు. నేను రాసినదే. జనవరి ఠావు. కింద నూట ఇరవై ఎనిమిది అని నా చేతిరాత. మిగిలిన పదకొండూ లేవు. పీపా సరిపోతుందని కెమిస్టు లెక్కకట్టి ఇచ్చాడనీ, ఆ ధైర్యంతోనే బిగించాననీ, ఫిట్టరు తన మాట వినకుండా నూనె ఉండగా మూత విప్పాడనీ బావగారు అప్పటికే చెప్పేశారు. ఆయన అక్కడే కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నా ముఖంలోకి చూస్తూనే ఉన్నారు. ఆ ధైర్యమే నాకు ఇవాళ్టికీ మింగుడుపడదు. అన్నం పెట్టిన చెయ్యి కదా, వీడు నోరెత్తడు అనుకున్నారు.

పన్నెండు ఠావులు రాశానని చెప్పాను. ఏవీ అన్నారు షావుకారుగారు. నా దగ్గర నకలు లేదు. ఇంట్లో మనిషి కదా అని నకలు తీసుకోలేదు.

షావుకారుగారు చెవిపోగు తిప్పుకుంటూ, "నాకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. ఇప్పుడు, ఇక్కడే, నా కళ్ళ ముందు వెయ్యి. ఇవాళ నూనె ఎంత వేడితో బయటికి రావాలో చెప్పు. తరవాత వెళ్ళి చూద్దాం" అన్నారు.

చిల్లుపడ్డ గొట్టానికి బిరడా కొట్టి పీపాని మళ్ళీ నడుపుతున్నారు అప్పటికి. మడుగు నీళ్ళ వేడి మాత్రం కొలిచి రమ్మని మనిషిని పంపించి, నేను కూర్చున్నాను. రెండుసార్లు తప్పు అంకె రాసి కొట్టేశాను. బావగారు గోడ గడియారం వైపు చూసి నవ్వారు. గంట పట్టింది. నూట డెబ్భై ఎనిమిది అని రాసి, ఠావు మడిచి షావుకారుగారి చేతిలో పెట్టాను. ముగ్గురం షెడ్డులోకి వెళ్ళాం. థర్మామీటరు నేను ముట్టుకోలేదు, గుమాస్తా చేత పెట్టించారు. నూట ఎనభై ఒకటి. మూడు డిగ్రీల తేడా. షావుకారుగారు మడత విప్పి చూసుకున్నారు, థర్మామీటరు చూశారు, మళ్ళీ కాగితం చూశారు. అంత మంది పనివాళ్ళున్న షెడ్డులో ఒక్కరూ నవ్వలేదు.

అక్కడితో న్యాయం జరిగిపోయిందని మీరు అనుకుంటే నేనూ అలాగే అనుకున్నాను. ఆఫీసు గదిలోకి తిరిగి వచ్చాక షావుకారుగారు తలుపు వేయించి, నీ లెక్క సరైనదే అబ్బాయీ అన్నారు. కానీ మీ బావని పంపించేస్తే రేపు మిల్లు ఎవరు నడుపుతారు, నువ్వు నడుపుతావా అన్నారు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఫిట్టరు తన అజాగ్రత్త వల్లే కాల్చుకున్నాడని రాసిన కాగితం మీద కెమిస్టుగా ఒక సంతకం చెయ్యి, ఫిట్టరు సంగతి నేను చూసుకుంటాను, నీకూ పై ఉద్యోగం ఇస్తాను అన్నారు. చాలా మెత్తగా, అండీ అని పిలవకపోయినా అన్నంత మర్యాదగా అన్నారు. బావగారి మోటుతనం కంటే ఆ మెత్తదనమే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

నేను సంతకం చెయ్యలేదు. ఏలూరు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పి, చెప్పింది రాసి ఇచ్చాను. తప్పు మేనేజరుదని రికార్డులోకి ఎక్కింది. బావగారి ఉద్యోగం పోలేదు. ఇన్‌స్పెక్టరు దగ్గర తల వంచుకుని నిలబడాల్సి వచ్చింది, అంతే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వీధి అరుగు మీద నా ట్రంకుపెట్టె ఉంది. బట్టలన్నీ మడతలు పెట్టి సర్దింది మా అక్క. ఆవిడ సర్దినట్టు ఎవరూ సర్దలేరు, నాకు మడత చూస్తేనే తెలిసింది. గుమ్మంలోనే నిలబడింది. లోపల బావగారి దగ్గు వినిపిస్తోంది.

"నువ్వు చెప్పింది నిజమే అయి ఉంటుందిరా. నేను కాదనను. కానీ నేను ఉండాల్సింది ఈ ఇంట్లో."

"నన్ను వెళ్ళిపోమంటున్నావా అక్కా?"

"అన్నం తిని వెళ్ళు."

తినలేదు. ఇవాళ కూర్చుని ఆలోచిస్తే తిని ఉండాల్సింది అనిపిస్తుంది. ఆ వయసులో అనిపించలేదు. తణుకులో చక్కెర ఫ్యాక్టరీలో చేరాను. పదిహేడేళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు.

తణుకు వెళ్ళేముందు, వానలు పడ్డాక, ఒక పని మాత్రం చేశాను. ఏలూరు నుంచి పడవ మీద కొల్లేటికి అడ్డంపడి ఫిట్టరు ఊరు వెళ్ళాను. నాచు వాసన, కొంగలు, పడవ అంచుకి తగులుతూ తామరాకులు. ఎంత అందమైన దారి అంటే నా కోపానికి అది నప్పలేదు, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. అతను ఇంటి ముందు మంచం మీద ఉన్నాడు. కట్లు విప్పేశారు. వేళ్ళు సగం మాత్రమే ముడుచుకుంటున్నాయి. పక్కన భార్య వల బాగుచేస్తోంది. ఎలా ఉన్నావు బాబాయీ అంటే, గొట్టం మీద చెయ్యేస్తే ఇంక వేడో చల్లనో తెలవదండి అన్నాడు. తరవాత, తప్పు నాదేనండి బాబుగారూ, మీరు వద్దన్నా నేనే విన్లేదు అన్నాడు. నేను ఎంత చెప్పినా ఆ మాట మార్చలేదు. ఆ పాపిష్టి మిల్లులో తప్పు ఒప్పుకున్న మనిషి అతనొక్కడే, ఆ తప్పు చెయ్యనివాడూ అతనొక్కడే.

మరుసటి సంవత్సరం మిల్లులో రెండో పీపా జోడించారని తెలిసింది. బావగారి దూరాలోచన అని షావుకారుగారు అందరిలో మెచ్చుకున్నారట. కాగితం మీద గీసి ఇచ్చిన కొలతలు నేను రాసినవేనని గుమాస్తా చెప్పాడు. ఆ పదకొండు ఠావులూ బావగారి సొరుగులోనే ఉన్నాయట, చింపేయలేదట. ఆ కబురు విన్న రోజున తణుకు స్టేషను బల్ల మీద కూర్చుని, రైలు వచ్చి వెళ్ళిపోయినా లేవలేదు. చదివారు. అర్థం చేసుకున్నారు. దాచుకున్నారు. మూర్ఖుడైతే క్షమించి ఉండేవాణ్ణేమో.

ఇప్పుడు ఆ మిల్లు లేదు. కాలవ గట్టున ఆ చోట ఏవో కొట్లు లేచాయి. ఫిట్టరు ఊరికి ఇప్పుడు కారులో వెళ్ళవచ్చు, పడవ తిరిగిన నీళ్ళన్నీ గట్లు కట్టిన చేపల చెరువులైపోయాయి, అతని పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు లేరు. పని చేసే చోట మనిషి చెయ్యి కాలితే ఇవాళ పేపర్లో వస్తుంది, మా రోజుల్లో జట్కా చప్పుడుతో సరి. ఇది మంచి మార్పు, కాదనను. నేను మాత్రం మారలేదు. ఆ పదిహేడేళ్ళ తరవాత బావగారు పోయారని కబురు వస్తే వెళ్ళాను గానీ, చితి మీద కట్టె వెయ్యలేదు.

ఆ తరవాత ఎన్నో ఏళ్ళకి మా అక్క నా దగ్గరికి వచ్చి రెండు నెలలుంది. ఇద్దరం ముసలివాళ్ళం. ఆ సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ, ఆయన ఎప్పుడూ నీ గురించి మంచిగానే చెప్పేవారురా, మా ఇంట్లో అంత తెలివైనవాడు లేడనేవారు అంది. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆవిడకి సమాధానం చెప్పాలని చాలా రోజులు మాటలు కూడబెట్టుకున్నాను. అవి కుదిరేలోగా ఆవిడా పోయింది. బావగారు లేరు, షావుకారు లేడు, ఫిట్టరు లేడు, అక్క లేదు. ఆ కథలో ఉన్నవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. ఇప్పుడు నేను ఎంత అరిచినా, ఎందుకు అరుస్తున్నానో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.